మెనూలో కనబడకూడని మాట

మన ఇల్లు, మేడ మీద నా గది
ఆదివారం

వదినకు,

ముందు మా క్షేమం సంగతి. అన్నయ్య వండుతున్నాడు, నేను తింటున్నాను, అయినా ఇద్దరం ఇంకా లేచి తిరుగుతున్నాం. నిన్న కూర అడుగంటితే "కాస్త పొగ వాసన ఉంటేనే రుచి" అని నాకే పాఠం చెప్పాడు. ఆపదలో ఉన్న ఆడవాళ్ళని దాచే ఆ ఇంటికి నువ్వు వార్డెన్‌గా వెళ్ళినప్పటినుంచీ ఆయన బెంగంతా గిన్నెల మీద చూపిస్తున్నాడు. ఫోన్లు లోపలికి రానివ్వరని, నువ్వెక్కడున్నావో మొగుడికి కూడా చెప్పరని విని మొదట్లో "ఇదేం ఉద్యోగం" అని గొణిగాడు. ఇప్పుడు బుధ, శనివారాల్లో మీ సంస్థ డ్రైవర్ ఉత్తరం తెస్తాడని పొద్దున్నించీ వీధి గుమ్మంలోనే కాపురం.

అసలు సంగతికొస్తాను. మీ సంస్థ వెబ్‌సైట్ పని మా కంపెనీకే వచ్చింది కదా, నువ్వు మా పేరు చెప్పిన పుణ్యాన. అందులో మెనూలు నాకిచ్చారు. నవ్వకు, హోటల్ మెనూ కాదు. సైటు తెరవగానే పక్కన వరసగా పేర్లుంటాయి చూడు, ఏది నొక్కితే ఏ పేజీ వస్తుందో చెప్పేవి, అవి. చూడ్డానికి పట్టుమని పది మాటలుండవు. కానీ అందరికీ ఒకే మెనూ ఉండకూడదు. గేటు దగ్గర కూర్చునే ఆవిడకి 'వచ్చినవారు', 'వెళ్ళినవారు' చాలు. వచ్చినవాళ్ళకి ధైర్యం చెప్పే కౌన్సిలర్‌కి ఇంకో రెండు. 'ఇళ్ళు' అనేది మాత్రం నీకూ, సంస్థ నడిపే మీ మేడంకీ తప్ప ఎవరికీ కనబడకూడదు. మీరు దాచి ఉంచిన ఇళ్ళ చిరునామాలు, ఏ ఇంట్లో ఎవరున్నారన్నదీ ఆ పేజీలోనే కదా. ఎవరు లాగిన్ అయ్యారో చూసుకుని, వాళ్ళకి తగిన మెనూని సర్వర్ అప్పటికప్పుడు పేర్చి పంపాలి. ఆ పేర్చే పని నాది.

ఉద్యోగంలో చేరాక ఒక పని మొత్తంగా నాకే వదలడం ఇదే మొదలు. రాత్రి పడుకుంటే కళ్ళముందు మెనూలే. ఒక మాట ఒకరికి ఎక్కువ కనబడితే ఏమవుతుందో అని లేచి మళ్ళీ లెక్కపెట్టుకుంటున్నాను.

ఒక ధైర్యం ఏంటంటే, టెస్టింగ్ చూసే ఆయన వేరే జట్టులోంచి అడిగి మరీ మా పనిలోకి వచ్చాడు. "ఇలాంటి మంచి పనిలో నాదీ ఓ చెయ్యి ఉండనివ్వండి" అన్నాడట. ఆఫీసంతా ఆయన్ని శాంతమూర్తి అంటారు. గొంతు పెంచగా ఎవరూ వినలేదు. నేను రాసింది చూసి, తప్పు ఉన్నచోట వేలు పెట్టి, తిట్టకుండా చెప్తాడు. ఇంతకంటే ఏం కావాలి?

నీ వసపిట్ట

*

ఇక్కడి ఇల్లు, ఆఫీసు గది
బుధవారం

వసపిట్టకు,

నీ ఉత్తరం చదువుతూ ఒక్కదాన్నే నవ్వుకుంటుంటే గేటావిడ వచ్చి "ఒంట్లో బాగుందా అమ్మా?" అంది. ఈ ఇంట్లో గట్టిగా నవ్వితే అందరూ తలెత్తి చూస్తారు. మెల్లగా అలవాటు చేస్తున్నాను.

నువ్వు ఉత్తరంతో పంపిన మెనూ బొమ్మలు చూశాను. 'నివాసితుల నిర్వహణ' అని పెట్టావేంటే తల్లీ? ఆ మాట చదివేలోపు వచ్చినామె తిరిగి వెళ్ళిపోతుంది. 'ఇంట్లో ఉన్నవారు' అని పెట్టు. 'నిష్క్రమణ' ఏంటి, నాటకమా? 'వెళ్ళినవారు' అని ముందు రాశావు కదా, అదే ఉంచు. అక్షరాలు పెద్దవి చెయ్యి. గేటావిడకి చత్వారం, కళ్ళజోడు మాత్రం పెట్టుకోదు.

ఇక్కడి విషయాలు రాయకూడదని నీకు తెలుసు. ఈమధ్య వచ్చిన ఒకామె గేటు చప్పుడైతే చాలు, చేతిలో ఏ పనున్నా వదిలేసి వంటింటి మూలకి వెళ్ళి నిలబడుతుంది. పాలవాడు వచ్చి వెళ్ళాడని చెప్పినా కాసేపటికిగానీ కదలదు. ఇంతకన్నా రాయను. నీ మెనూ సరిగ్గా ఎందుకుండాలో నీకు తెలియాలని ఇంతైనా రాశాను.

మీ అన్నయ్యని కూరలో నీళ్ళు ముందు పొయ్యమను, పొగ వచ్చాక కాదు.

నీ వదిన

*

ఆఫీసు, కిటికీ పక్క నా బల్ల
శుక్రవారం

వదినా,

దాదాపు మూడు నెలల చాకిరీ తర్వాత సోమవారం సైటు మొదలైపోయింది! మీ మేడం స్వయంగా వచ్చి మొదటి లాగిన్ చేశారు. ఆవిడ మెనూ ఆవిడకి వచ్చింది. నేను ఆవిడ కుర్చీ వెనకే నిలబడ్డాను. అందరూ చప్పట్లు కొడుతుంటే నేను మాత్రం నా జాబితా మళ్ళీ తిరగేస్తున్నాను. ఏదో మర్చిపోయానేమో, ఏదో మర్చిపోయానేమో అని ఒకటే గోల లోపల.

పేజీలు రావడం ఆలస్యమవుతోందని మీ మేడం అంటే, మెనూ ప్రతిసారీ కొత్తగా పేర్చకుండా, ఒకసారి పేర్చింది సర్వర్‌లోనే దాచి మళ్ళీ మళ్ళీ అదే పంపేట్టు మార్చాను. ఇప్పుడు చిటికెలో వస్తోంది, చూశావా? ఇంకో పని మిగిలింది. లోపలి పేజీలకి కూడా విడిగా కాపలా పెట్టాలనుకున్నాను, తెరిచే ముందు "నువ్వెవరు?" అని పేజీయే అడిగేట్టు. శాంతమూర్తి గారేమో, "మెనూలో కనబడనిది ఎవరు తెరుస్తారమ్మా? తర్వాత చేద్దాం, ముందు రంగులు సరిచెయ్యి" అన్నాడు. సరే అన్నాను.

ఆయన గురించి నీకు చెప్పి నవ్వించాలి. ఆఫీసు టీ గదిలో కప్పులన్నీ చెవులు ఒకేవైపు ఉండేట్టు తిప్పి పెడతాడు. మా జట్టులో కుర్రాళ్ళు కావాలని ఒకటి అటు తిప్పుతారు. ఆయన కోప్పడడు. నవ్వుతూ వచ్చి, దాన్ని సరిచేసి, తిప్పినవాడి పక్కనే నిలబడి "మళ్ళీ చెప్తాను, తొందరేం లేదు" అంటాడు. అంత మెల్లగా అంటాడు కదా, వాడు ఆ పూటంతా మళ్ళీ టీ గది వైపు పోడు. నాక్కూడా తప్పు చెప్పేటప్పుడు అదే మాట, "మళ్ళీ చెప్తాను, తొందరేం లేదు". ఇలాంటి మనిషి ఇంట్లో ఉంటే ఆ ఇల్లాలు ఎంత అదృష్టవంతురాలో! మన అన్నయ్యకి రోజూ ఒక గంట పాఠం చెప్పిస్తే బాగుండు.

నువ్వెలా ఉన్నావు? ఆ వంటింట్లో నిలబడే ఆమె కాస్త తేరుకుందా?

నీ వసపిట్ట

*

ఇక్కడి ఇల్లు
శనివారం

అమ్మడూ,

కొన్ని అడుగుతాను. ఎందుకని అడక్కుండా రాయి.

ఆ టెస్టింగ్ ఆయన చేతి గడియారం ఎలా పెట్టుకుంటాడు? డయలు పైకా, మణికట్టు లోపలి వైపుకా? పెళ్ళయిందా? భార్య ఎక్కడుంది? నేను మీ వదిననని, ఈ సంస్థలో పని చేస్తున్నానని ఆయనకి తెలుసా?

ఈ ఉత్తరం ఆఫీసుకి తీసుకెళ్ళకు. ఆయన దగ్గర నా పేరెత్తకు. ఎప్పటిలా ఉండు.

ఇంకో సంగతి. పొద్దున గేటావిడ వచ్చి, "అమ్మా, నాకేవో కొత్త పేర్లు కనిపిస్తున్నాయి, నొక్కితే మీరు కోప్పడతారా?" అంది. వెళ్ళి చూశాను. ఆవిడ తెర మీద 'ఇళ్ళు' ఉంది.  అలా ఎందుకు కనబడింది? ఆవిడకి కనబడితే ఇంకెవరికి కనబడుతుంది?

ఉత్తరం ఇచ్చి డ్రైవర్ అక్కడే కూర్చుంటాడు. జవాబు అతని చేతికే ఇవ్వు.

వదిన

*

మన ఇల్లు
అదే రోజు

వదినా,

డ్రైవర్ హాల్లో కూర్చున్నాడు. అన్నయ్య ఆయనకి టీ ఇచ్చి, నా మొహం చూస్తూ నిలబడ్డాడు. గబగబా రాస్తున్నాను, అక్షరాలు చూసి తిట్టకు.

గేటావిడకి అలా ఎందుకు కనబడిందో అర్థమైంది. తప్పు నాదే. ఒకసారి పేర్చిన మెనూ దాచి పంపుతున్నానని రాశాను కదా. దాచేటప్పుడు అది ఎవరి మెనూయో వేరుగా గుర్తు పెట్టలేదు. పొద్దున్నే నువ్వు మొదట తెరిస్తే, నీ మెనూయే ఆ తర్వాత వచ్చిన వాళ్ళందరికీ పోతుంది. లోపలి పేజీకి కాపలా లేదు, నొక్కితే తెరుచుకుంటుంది. నా అంతట నేను నిన్న నీకు ఉత్తరం రాశాక అనుమానపడ్డాను. శాంతమూర్తి గారికి చెప్పాను కూడా. "నేనూ చూశానమ్మా, ప్రమాదమేం లేదు. సోమవారం మిగతా మార్పులతో కలిపి పంపుదాం" అన్నాడు. టెస్టింగ్ ఆయన సరే అంటేనే గానీ నేను సైటు మార్చకూడదు. ఆయనే అంత నిదానంగా ఉంటే నాకెందుకు కంగారు అనుకున్నాను.

నువ్వడిగినవి. గడియారం డయలు లోపలి వైపుకే ఉంటుంది. నీకెలా తెలుసు? పెళ్ళయింది. ఆవిడ అలిగి పుట్టింటికి వెళ్ళిందట, చెప్తూ కళ్ళు తుడుచుకున్నాడు. నువ్వు నా వదినవని తెలుసు. నేనే చెప్పాను. అందరితో వాగినట్టే వాగాను. మొన్న "మీ వదినగారు ఏ ఇంట్లో ఉంటారు?" అని కూడా అడిగాడు. నాకూ తెలీదన్నాను, నవ్వేశాడు. అసలు సైటులో చూసుకోమని ఆయనకి లాగిన్ కూడా ఇచ్చాం. గేటు లాగిన్. దాంట్లో ఏమీ ఉండదు కదా అని.

వదినా, ఎవరాయన? నేనేం చేశాను? నా మాట విని మంచివాడని నువ్వూ అనుకోవాలని ఎంత రాశానో తల్చుకుంటే నా మీద నాకే అసహ్యంగా ఉంది. అయినా పొరపాటు పడుతున్నావేమో అని ఇంకా ఆశగానే ఉంది. పొరపాటేనని రాయి.

*

ఇక్కడి ఇల్లు
శనివారం మధ్యాహ్నం

అమ్మడూ,

పొరపాటు కాదు.

వంటింటి మూలకి వెళ్ళి నిలబడే ఆమె అతని భార్య. ఇక్కడికి వచ్చిన మొదటి రోజు కప్పుల చెవులన్నీ ఒకేవైపు తిప్పి పెట్టింది. నేను ఒకటి తీసి వేరే వైపు పెడితే గోడకి ఆనుకుని, "మళ్ళీ చెప్పక్కర్లేదు, మళ్ళీ చెప్పక్కర్లేదు" అని ఏడ్చింది. "మళ్ళీ చెప్తాను", అతను కొట్టేముందు అనే మాట అదే. గొంతు పెంచడు. మణికట్టు పట్టుకుంటే గడియారం డయలు ఎముక మీద ఒత్తుకునేదట. ఆ మచ్చ నేను చూశాను.

నీ ఉత్తరం వచ్చినప్పటినుంచీ నాలో నేనే చచ్చాను. ఆ మాట అనేవాళ్ళు లోకంలో ఎంతమంది లేరు అని సర్దిచెప్పుకున్నాను. ఇప్పుడు ఆమెనే అడిగాను, మా ఆడపడుచుకి చెప్పనా అని. చేతిలో గిన్నె తుడిచి పెట్టింది. తర్వాత, "చెప్పండి. ఆ అమ్మాయి ఆయన పక్కనే కూర్చుంటోంది కదా" అంది. నీ కోసం భయపడింది ఆమె.

మేడం మీ కంపెనీ పెద్దకి ఫోన్ చేస్తున్నారు, పోలీసుల దగ్గరకి కూడా వెళ్తున్నారు. కానీ సైటు ఈ క్షణం మూయగలిగేది నువ్వు. ఎవరి అనుమతీ అడక్కు. అన్నయ్యని వెంటబెట్టుకుని వెళ్ళు. అతను అక్కడుంటే మొహంలో ఏమీ తెలియనివ్వకు. ముఖ్యంగా, అతను ఆ పేజీ తెరిచాడో లేదో చూసి చెప్పు. దాన్నిబట్టే మేం ఉండాలో కదలాలో తేలుతుంది.

వదిన

*

ఆఫీసు మెట్ల మీద
శనివారం

వదినా,

సైటు మూసేశాను. ఎవరు తెరిచినా ఇప్పుడు తెల్ల పేజీ వస్తుంది. మా మేనేజర్ ఇంటినుంచి ఫోన్ చేసి, "ఎవర్నడిగి ఆపావు?" అని అరిచాడు. ఎవర్నీ అడగలేదన్నాను.

అతను తెరిచాడు. గురువారం. గేటు లాగిన్‌తోనే 'ఇళ్ళు' పేజీకి వెళ్ళినట్టు సర్వర్‌లో ఉంది. అన్నీ చూడలేదు. మీ ఇంటి ఒక్కదాన్నే తెరిచాడు, మళ్ళీ మళ్ళీ.

ఇవాళ శనివారమైనా పనికొచ్చాడట. మధ్యాహ్నం సెక్యూరిటీ ఆయనతో "ఊరెళ్ళాలి" అని చెప్పి వెళ్ళిపోయాడట. బల్ల మీద ఒక్క కాగితం లేదు. తుడిచి పెట్టాడు.

ఆమెని అక్కడ్నుంచి తీసుకెళ్ళిపో. ఈ కాగితం చదవడం ఆపి తీసుకెళ్ళు.

*

సంస్థ పెద్ద ఆఫీసు, వెనక గది
సోమవారం

అమ్మడూ,

అందరం క్షేమం. ముందు ఆ మాట రెండుసార్లు చదువుకో, తర్వాత మిగతాది చదువు.

డ్రైవర్ నీ కాగితం తెచ్చేసరికే, ఎందుకైనా మంచిదని ఆమెని కౌన్సిలర్‌తో పంపేశాను. ఎక్కడికో నాకు కూడా చెప్పొద్దన్నాను. నీ కాగితం చూశాక మిగతా ఆడవాళ్ళని, పిల్లల్ని వెనక గదుల్లోకి పంపి తలుపులు వేయించాను. పోలీసులు వస్తున్నామన్నారు. వస్తూనే ఉన్నారు.

వాళ్ళకంటే ముందు అతనొచ్చాడు. ఎండ ఇంకా తగ్గలేదు. ఇస్త్రీ చొక్కా, భుజానికి కంప్యూటర్ సంచి, చేతిలో ఇంకో సంచి. గేటావిడకి కంపెనీ కార్డు చూపించి, "మెనూల్లో ఏదో తేడా వచ్చిందట, సరిచేయడానికి పంపారు. మీ వార్డెన్ గారి ఆడపడుచే పంపింది" అన్నాడు. నీ పేరు కూడా చెప్పాడు. గేటావిడ చెయ్యి గడియ మీదకి వెళ్ళింది. పొద్దున తన తెర మీద తేడా తనే చూసింది కదా, నమ్మబుద్ధేసిందట. నేను తలుపు వెనకనుంచి వద్దని చెయ్యి ఊపాను. ఆవిడ గడియ వదిలేసి, "మేడం లేరు, సోమవారం రండి" అంది.

అప్పుడు అన్నాడు. "నేను చెప్పింది మీకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్తాను, తొందరేం లేదు."

నువ్వు రాసినప్పుడు, ఆమె చెప్పినప్పుడు ఆ మాట విన్నాను. చెవులారా వినడం వేరు. అంత మెత్తగా, పసిపిల్లకి చెప్పినట్టు.  మొదటిరోజు ఆమె గోడకి ఎందుకు ఆనుకుందో అప్పుడర్థమైంది.

వెళ్ళలేదు. గేటు బయట అరుగు మీద రుమాలు పరుచుకుని కూర్చున్నాడు. లోపల ఒక పసిబిడ్డ ఏడవబోతే వాళ్ళమ్మ నోటి దగ్గర చెయ్యి పెట్టి నడుస్తూనే ఉంది. బయట అతను దారినపోయేవాళ్ళకి నవ్వుతూ నమస్కారం పెడుతున్నాడు.

పోలీసులు వచ్చాక ఇంకో కథ. అతని మాటతీరు చూసి వాళ్ళు మెత్తబడ్డారు. "భార్యాభర్తల గొడవ కదమ్మా, ఆయన మర్యాదగానే ఉన్నాడు, ఒకసారి మాట్లాడించండి" అన్నాడు ఒకాయన. ఆమె దగ్గరకి రాకూడదని కోర్టు ఇచ్చిన ఉత్తర్వు అతని ముందే పోలీసుల చేతిలో పెట్టాను. "చదివారా? మళ్ళీ చెప్పను" అన్నాను. నాకు అంత గొంతు ఉందని నాకే తెలీదు. తీసుకెళ్ళారు. అతని చేతిలోని సంచిలో ఏముందో తెలుసా? ఆమె బట్టలు. ఇస్త్రీ చేసి, మడతలు పెట్టి తెచ్చాడు.

ఇక ఆ ఇల్లు పనికిరాదు. అతనికి తెలిసింది కాబట్టి మూసేశాం. అందరూ చెదిరిపోయారు. ఆ పసిబిడ్డ తల్లికి ఇది మూడో చోటు. ఎక్కడికని అడక్కుండానే మూట కట్టుకుంది, అదే నాకు మింగుడు పడలేదు.

నిన్ను ఓదార్చడానికి రాయడంలేదు. నీ మీద కోపంగా ఉంది. మీ కంపెనీ పేరు చెప్పినందుకు నా మీద నాకూ ఉంది. కానీ ఇది కూడా రాయాలి. నువ్వు వెంటనే మూసి, ఉన్నదున్నట్టు చెప్పకపోతే, పేజీ తెరవలేదేమోలే అని నేను ఆ పసిబిడ్డతో సహా అక్కడే కూర్చునేదాన్ని.

వదిన

*

మన ఇల్లు, మేడ మీద నా గది
నెల తర్వాత, బుధవారం

వదినా,

చాలా ఉత్తరాలు మొదలుపెట్టి చించేశాను. ఇది పంపుతాను.

నువ్వు కోప్పడినందుకు బాధ లేదు. నా తప్పుకి ఆఫీసులో ఎవరూ కోప్పడలేదు, అదే బాధ. "పాపం శాంతమూర్తి, ఇంటి గొడవ ఇలా వీధిన పడింది" అంటున్నారు. టీ గదిలో కప్పులు ఇప్పుడు ఎటుపడితే అటు ఉంటాయి. వాటిని చూసినా భయమే. నేను టీ తాగడం మానేశాను. అన్నయ్య రోజూ ఆఫీసు గుమ్మం దాకా వచ్చి దించి, సాయంత్రం వచ్చి తీసుకెళ్తున్నాడు. దారిలో ఏమీ మాట్లాడడు. నేనూ మాట్లాడను. "ఇంట్లో ఇంత నిశ్శబ్దం నా పెళ్ళికి ముందు కూడా లేదు" అన్నాడు నిన్న.

మెనూలు మొదటినుంచి మళ్ళీ రాశాను. ఇప్పుడు ఏదీ దాచడంలేదు, ఎవరు వచ్చినా వాళ్ళది వాళ్ళకి అప్పుడే పేర్చి ఇస్తుంది. క్షణం ఆలస్యమైతే అవ్వనీ. ప్రతి పేజీ తెరుచుకునే ముందు వచ్చింది ఎవరో తానే చూసుకుంటుంది. మెనూలో పేరు ఉన్నా లేకపోయినా సరే, హక్కు లేనివాళ్ళకి తెరుచుకోదు. చిరునామాలు అసలు సైటులోంచే తీసేయమని మీ మేడంతో చెప్పాను. ఒప్పుకున్నారు. గేటావిడని నా పక్కన కూర్చోబెట్టుకుని, "ఎలాగైనా లోపలికి వెళ్ళండి చూద్దాం" అన్నాను. పొద్దుపోయేదాకా నొక్కి నొక్కి, "ఇంక నా వల్ల కాదే తల్లీ" అని లేచింది. ఎన్నాళ్ళ తర్వాతో కాస్త ఊపిరాడింది.

కానీ రాత్రి సగంలో లేచి మళ్ళీ కంప్యూటర్ తెరిచి చూస్తున్నాను. అంతా సరిగ్గానే ఉంటుంది. మళ్ళీ చూస్తాను.

అసలు చెప్పాల్సింది ఇది. కోర్టులో సాక్ష్యం చెప్పమని నాకు పిలుపొచ్చింది. అతను ఆ పేజీ తెరిచాడని, ముందే చూసి కూడా ఆగమన్నాడని నేను చెప్పాలి. మేనేజర్ గదిలోకి పిలిచి, "సాంకేతిక లోపం అని ఒక్క ముక్క చెప్పి వచ్చెయ్. అతను ఎందుకు చూశాడో నీకేం తెలుసు? కంపెనీ పేరు వీధిన పడితే నీ ఉద్యోగానికి నేను పూచీ కాదు" అన్నాడు. బెదిరింపు కాదట, సలహా అట.

ఉద్యోగం పోతుందని భయం ఉంది. దానికంటే అతని ఎదురుగా నిలబడాలంటే ఎక్కువ భయం. నన్ను చూసి నవ్వుతాడు వదినా. నాకు తెలుసు. నవ్వితే నేను అలవాటు కొద్దీ తిరిగి నవ్వేస్తానేమో. ఏం చెయ్యను?

నీ (ఈమధ్య నోరు లేని) వసపిట్ట

*

కొత్త ఇల్లు
శనివారం

వసపిట్టకు,

వెళ్ళమనీ చెప్పను, వద్దనీ చెప్పను. చెప్తే రేపు ఉద్యోగం పోతే నా వల్ల పోయిందంటావు, పోకపోతే నీ గొప్పంటావు. నీ సంగతి నాకు తెలీదూ?

ఒకటి మాత్రం తెలియాలి నీకు. ఆ రోజు ఆమె కూడా వస్తోంది. తెర వెనకనుంచి చెప్పొచ్చని మేడం అంటే వద్దంది. నేను రాలేను, ఈ ఇల్లు వదిలి కదలడానికి వీల్లేదు. కౌన్సిలర్ తీసుకొస్తుంది. ఆమెకి నువ్వెవరో తెలుసు. నిన్ను చూసి ఏమంటుందో, అసలు మాట్లాడుతుందో లేదో నాకు తెలీదు. మాట్లాడకపోతే బాధపడకు. బాధపడినా మొహంలో చూపించకు, ఆమెకి అది ఇంకో బరువు.

నవ్వితే నవ్వనీ. నువ్వు జడ్జిగారి వైపు చూసి మాట్లాడు.

నీ వదిన

*

మన ఇల్లు, మేడ మీద నా గది
శుక్రవారం సాయంత్రం

వదినా,

వెళ్ళాను. చెప్పాను. పూర్తిగా చెప్పాను.

నువ్వన్నట్టే జడ్జిగారి వైపే చూశాను. నా తప్పు ముందు చెప్పాను, మెనూ ఎలా కలిసిపోయిందో, పేజీకి ఎందుకు కాపలా లేదో. తర్వాత అతను ఏమన్నాడో, ఎప్పుడు తెరిచాడో చెప్పాను. అతని వకీలు లేచి, "నా క్లయింటు మీతో ఎప్పుడైనా గట్టిగా మాట్లాడారా? ఒక్కసారైనా?" అని అడిగాడు. లేదన్నాను. "ఎప్పుడైనా అమర్యాదగా?" లేదన్నాను. "మరి మీకు ఆయనంటే భయమెందుకు?" అన్నాడు.  "నేను మానేసిన ప్రతి జాగ్రత్త, ఆయన మెల్లగా చెప్తేనే మానేశానండీ" అన్నాను. జడ్జిగారు రాసుకున్నారు. అతను నవ్వాడో లేదో నేను చూడలేదు. తీర్పు ఇంకా రాలేదు. అప్పటిదాకా అతన్ని బయటికి వదలరట. మేనేజర్ సంగతి సోమవారం తేలుతుంది. అన్నయ్య అప్పుడే నా తరఫున రాజీనామా రాసి పెట్టాడు, అదీ వంట చేసినట్టే ఉంది.

కానీ నీకు రాయాల్సింది ఇది కాదు. దీనికి ముందు జరిగింది.

మమ్మల్ని లోపలికి పిలవకముందు వరండాలో ఒక బెంచీ ఉంది. దాని మీద ఒకామె, పక్కన మీ కౌన్సిలర్. ఆమేనని నాకు తెలిసిపోయింది. నాకంటే పెద్దగా వయసుండదు. దూరంగానే ఆగిపోయాను. ఏమని పలకరించాలి? క్షమించమని అడిగితే, క్షమించే పని కూడా ఆమె నెత్తినే పెట్టినట్టవుతుంది. అన్నయ్య వీపు మీద చెయ్యి వేసి కాస్త ముందుకు నెట్టాడు.

వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. అనుకున్నవన్నీ పోయి, నోట్లోంచి వచ్చిందల్లా, "నేను ఆయన్ని చాలా మంచివాడనుకున్నానండీ" అన్న ఒక్క మాట. అన్నాక సిగ్గుతో చచ్చిపోయాను.

ఆమె నా మొహంలోకి చూసింది. కోపం కోసం వెతికాను, లేదు.

"ఎన్నాళ్ళు అనుకున్నారు?" అని అడిగింది.

"మూడు నెలలు."

"నేను ఏడేళ్ళు అనుకున్నాను" అంది. అని, కాస్త అటు జరిగి బెంచీ మీద నాకు చోటిచ్చింది.

నీ వసపిట్ట